గుడ్డును వదలని మాంసం: స్కాచ్ ఎగ్‌కు ఏ ఖీమా సరైనది?

2020 డిసెంబరు మొదట్లో బ్రిటన్‌లో ఒక వింత చర్చ నడిచింది. కోవిడ్ ఆంక్షల కారణంగా ఇంగ్లండ్‌లోని చాలా ప్రాంతాల్లో పబ్బులు మద్యం ఇవ్వాలంటే దానితో పాటు 'చెప్పుకోదగ్గ భోజనం' కూడా వడ్డించాలని నిబంధన పెట్టారు. అయితే స్కాచ్ ఎగ్ భోజనం కిందికి వస్తుందా, చిరుతిండి కిందికి వస్తుందా? వస్తుందనే అనుకుంటున్నట్టు పర్యావరణ మంత్రి జార్జ్ యూస్టిస్ చెప్పారు. మరో మంత్రి మైఖేల్ గోవ్ మొదట కాదన్నట్టు మాట్లాడి, ఆ తర్వాత భోజనమేనని ఒప్పుకున్నారు. దేశమంతా నవ్వుకుంది.

ఇంతకీ స్కాచ్ ఎగ్ అంటే ఏమిటి? ఉడికించి పెంకు తీసిన గుడ్డు చుట్టూ మసాలా కలిపిన సాసేజ్ మాంసాన్ని పొరలా కప్పి, మైదాలో పొర్లించి, గిలకొట్టిన గుడ్డులో ముంచి, బ్రెడ్ పొడి అద్ది, నూనెలో వేయిస్తారు. కోస్తే బయట కరకరలాడే పొర, దాని కింద మాంసం, తర్వాత తెల్లసొన, నడుమ పచ్చసొన వలయాలుగా కనిపిస్తాయి. బ్రిటన్‌లో దీన్ని ఎక్కువగా చల్లారాక, విహారయాత్రల్లోనూ పబ్బుల్లోనూ తింటారు.

చూడటానికి తేలికగా అనిపించే ఈ వంటకం ఇంట్లో చేసినప్పుడు తరచుగా రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, నూనెలో ఉండగానే మాంసం పగిలి విడిపోతుంది. లేదా కోయగానే గుడ్డు ఒకవైపు, మాంసం ఒకవైపు జారిపోతాయి. రెండోది ఇంకా ప్రమాదకరం: పైపొర ఎర్రగా వేగుతుంది కానీ గుడ్డును ఆనుకుని ఉన్న మాంసం పచ్చిగానే ఉండిపోతుంది. ఈ రెండింటికీ చేతివాటాన్ని నిందించడం మామూలే. నిజానికి కారణం చాలాసార్లు మాంసం ఎంపికలోనూ, దాన్ని ఎంత మందంగా కప్పారన్న దానిలోనూ ఉంటుంది.

ఎవరిదీ వంటకం?

పేరులో 'స్కాచ్' ఉన్నా, ఇది స్కాట్లాండ్‌లో పుట్టిందనడానికి గట్టి ఆధారం లేదు. 1738లో ప్రయాణికుల కోసం తామే దీన్ని తయారు చేశామని లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణం చెప్పుకుంటుంది. మొగలుల కాలపు నర్గిసీ కోఫ్తాయే దీనికి మూలమన్నది ఇంకో వాదన. 1809 నాటికి మరియా రండెల్ వంటల పుస్తకంలో స్కాచ్ ఎగ్ తయారీ అచ్చయింది. అందులోని వంటకం ఇప్పటిలా చల్లగా తినేది కాదు. వేడివేడిగా గ్రేవీతో వడ్డించేది. గ్రేవీలో వడ్డించే నర్గిసీ కోఫ్తాకు ఆ పద్ధతి దగ్గరగానే ఉంది. అంతమాత్రాన ఒకటి మరొకదాని నుంచి వచ్చిందని తేల్చలేం. అయితే ఈ రెండు వంటకాల్లోనూ వంటవారికి ఎదురయ్యే చిక్కు ఒక్కటే: నున్నగా, జారిపోయేలా ఉండే గుడ్డును మాంసం గట్టిగా పట్టుకుని ఉండాలి.

మాంసానికి జిగురు ఎక్కడిది?

పచ్చి మాంసంలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. ఐదో వంతు వరకు ప్రొటీన్లు. కండర కణాల లోపల సన్నని పోగుల లాంటి నిర్మాణాలు ఉంటాయి. వాటిలో లావు పోగులు మయోసిన్ అనే ప్రొటీన్‌తోనూ, సన్న పోగులు యాక్టిన్ అనే ప్రొటీన్‌తోనూ తయారవుతాయి. బతికున్నప్పుడు జంతువు కదలడానికి తోడ్పడే ఈ ప్రొటీన్లే వంటింట్లో జిగురుగా పనికొస్తాయి.

మయోసిన్ మామూలు నీటిలో కరగదు. ఉప్పు నీటిలో కరుగుతుంది. ఖీమాలో తగినంత ఉప్పు వేసి కలిపినప్పుడు మాంసంలోని తేమలో ఉప్పు కరుగుతుంది. ఆ ఉప్పు నీరు కండరపు పోగులను ఉబ్బేలా చేసి, మయోసిన్‌ను బయటికి లాగుతుంది. దీంతో ఖీమా రేణువుల పైన ఒక జిగట పొర ఏర్పడుతుంది. ఉప్పు వేయకముందు రేణువులుగా విడిపోయే ఖీమా, ఉప్పు వేసి రెండు మూడు నిమిషాలు పిసికాక సాగుతూ, చేతికి అంటుకునే ముద్దగా మారడానికి ఇదే కారణం.

వేడి తగిలినప్పుడు రెండో దశ మొదలవుతుంది. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దాటాక మయోసిన్ అణువుల మడతలు విడిపోయి, ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. ఈ వలలో నీరు, కొవ్వు చిక్కుకుంటాయి. తెల్లసొన ఉడికి గట్టిపడటంలో జరిగేది కూడా ఇలాంటిదే. అంటే స్కాచ్ ఎగ్‌లో లోపలి గుడ్డు, బయటి మాంసం రెండూ ప్రొటీన్ వలలతోనే నిలబడతాయి. తేడా ఏమిటంటే గుడ్డులోని వల ముందే బిగుసుకుని ఉంటుంది. మాంసంలోని వల మూకుడులో బిగుసుకుంటుంది.

అందుకే ఈ వంటకానికి మొదటి షరతు పచ్చి మాంసం. ఒకసారి ఉడికిన మాంసంలో ప్రొటీన్లు అప్పటికే ముడిపడిపోయి ఉంటాయి. వాటిని మళ్లీ రుబ్బినా పాత జిగురు రాదు. ఇంగ్లండ్‌లో 'మాంచెస్టర్ ఎగ్' అనే మరో రకం ఉంది. అందులో రక్తంతో చేసి ముందే ఉడికించిన బ్లాక్ పుడ్డింగ్‌ను వాడతారు. కానీ దాన్ని ఒక్కదాన్నే కాకుండా పచ్చి పంది మాంసంతో కలిపి గుడ్డు చుట్టూ కప్పుతారు. రుచి పుడ్డింగ్ ఇస్తే, పట్టు పచ్చి మాంసం ఇస్తుంది.

ఉప్పు ఎంత వేయాలి? మాంసం బరువులో సుమారు ఒకటిన్నర శాతం సరిపోతుంది. నాలుగు గుడ్లకు 400 గ్రాముల మాంసం తీసుకుంటే 6 గ్రాములు, అంటే ఒక టీస్పూన్ మెత్తటి ఉప్పు. దీనికి బాగా తక్కువైతే మయోసిన్ తగినంత బయటికి రాదు, పట్టు తగ్గుతుంది. హ్యాంబర్గర్ చేసేవారు ఉప్పును ముందుగా కలపకుండా, వేయించే ముందు పైపైన చల్లడానికి కారణం కూడా ఇదే. వారికి కావలసింది పొడిపొడిగా విడిపోయే మాంసం. స్కాచ్ ఎగ్‌కు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

కొవ్వు లేని మాంసం ఎందుకు పగులుతుంది?

ఆరోగ్యానికి మంచిదని చాలామంది కొవ్వు బొత్తిగా లేని మాంసాన్ని ఎంచుకుంటారు. స్కాచ్ ఎగ్ విషయంలో ఆ ఎంపిక బెడిసికొడుతుంది. వేడికి ప్రొటీన్ వల బిగుసుకునే కొద్దీ నీటిని బయటికి పిండుతుంది. మాంసం కుంచించుకుపోతుంది. కానీ లోపల ఉన్న గుడ్డు కుంచించుకుపోదు. గట్టి బంతి మీద తొడిగిన బిగుతు తొడుగులా మాంసం అన్ని వైపులా లాగబడుతుంది. ఎక్కడ పొర పలచగా ఉంటే అక్కడ చీలుతుంది. ఆ చీలిక లోంచి నూనె లోపలికి పోయి, అక్కడి తేమ ఆవిరై, పగులు ఇంకా పెద్దదవుతుంది.

వల మధ్యలో కొవ్వు రేణువులు ఉంటే ఈ బిగువు తగ్గుతుంది. కొవ్వు మెత్తబడి, ప్రొటీన్ పోగులు మరీ దగ్గరగా అతుక్కోకుండా అడ్డుపడుతుంది. మాంసం మెత్తగా, రసంతో ఉంటుంది. సాసేజ్‌లు చేసేవారు సాధారణంగా మాంసంలో 20 నుంచి 25 శాతం కొవ్వు ఉండేలా చూసుకుంటారు. స్కాచ్ ఎగ్‌కు కూడా అదే సరిపోతుంది. కొవ్వు దానికంటే బాగా ఎక్కువైతే మరో చిక్కు: కరిగిన కొవ్వును పట్టి ఉంచడానికి వల చాలదు. కొవ్వు కారిపోతుంది, మాంసానికీ గుడ్డుకూ మధ్య జిడ్డు పొర ఏర్పడి రెండూ విడిపోతాయి.

కొవ్వు ఎంత అన్నదే కాదు, ఏ జంతువుది అన్నదీ ముఖ్యమే. పంది తిన్న మేతలోని కొవ్వు పెద్దగా మార్పు లేకుండానే దాని ఒంట్లో చేరుతుంది. అందుకే పంది కొవ్వులో ఒలీయిక్ ఆమ్లం వంటి అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అది నోటి వేడికే చాలావరకు మెత్తబడుతుంది. గొర్రె, మేక వంటి నెమరువేసే జంతువుల కథ వేరు. వాటి కడుపులోని సూక్ష్మజీవులు మేతలోని కొవ్వు ఆమ్లాలకు హైడ్రోజన్‌ను జోడించి సంతృప్త రూపంలోకి మారుస్తాయి. దీంతో గొర్రె కొవ్వు గట్టిగా ఉండి, కరగడానికి 40 డిగ్రీలు దాటాల్సి వస్తుంది. చల్లారిన మటన్ కూర మీద తెల్లగా పేరుకునే తెట్టు ఈ కొవ్వే.

విహారయాత్రలో చల్లగా తినే స్కాచ్ ఎగ్‌కు బ్రిటన్ వంటవారు పంది మాంసాన్ని వాడటం, గొర్రె మాంసంతో చేసే నర్గిసీ కోఫ్తాను వేడి గ్రేవీలో వడ్డించడం ఈ దృష్టితో చూస్తే సబబుగానే కనిపిస్తాయి. మత నియమాలు, దొరుకుబడి వంటి కారణాలు ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడు, చల్లారిన గొర్రె కొవ్వు నాలుక మీద మైనంలా పూత పడుతుంది. వేడి మీద ఆ ఇబ్బంది ఉండదు.

ఏ భాగం మంచిది?

పంది మాంసంలో భుజం భాగం ఈ పనికి అన్నిటికంటే అనువైనది. కండ, కొవ్వు దాదాపు కావలసిన పాళ్లలోనే అందులో కలిసి ఉంటాయి. వీపు మీది పల్చని కండలో కొవ్వు చాలదు. పొట్ట భాగంలో కొవ్వు మరీ ఎక్కువ. ఈ రెండే దొరికితే కలిపి వాడుకోవచ్చు.

కొట్టుడు ఖీమాలో తెల్లటి పొరలు, నరాలు ఎక్కువగా ఉంటే జాగ్రత్తపడాలి. అవి ఎక్కువగా కొలాజెన్ అనే ప్రొటీన్‌తో తయారైనవి. సుమారు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర కొలాజెన్ ఒక్కసారిగా ముడుచుకుని చుట్టుపక్కల మాంసాన్ని పిండుతుంది. గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికిస్తే అది కరిగి మెత్తటి జెలటిన్‌గా మారుతుంది. పాయా చిక్కగా రావడం ఇందువల్లే. కానీ పది నిమిషాల్లో వేగిపోయే స్కాచ్ ఎగ్‌లో అంత సమయం ఉండదు. ముడుచుకోవడం మాత్రమే జరుగుతుంది, కరగడం జరగదు. కాబట్టి కాళ్లు, మెడ వంటి నరాలున్న భాగాలు పులుసుకు మంచివి, దీనికి కావు. ఖీమా కొట్టించే ముందే తెల్లటి పొరలు తీయించడం మేలు.

చల్లదనం కూడా ముఖ్యమే. ఖీమా కొట్టేటప్పుడు, పిసికేటప్పుడు పుట్టే వేడికి కొవ్వు మెత్తబడితే అది రేణువులుగా మిగలకుండా ప్రొటీన్ల మీద పూతలా పరుచుకుంటుంది. అప్పుడు మయోసిన్ రేణువులు ఒకదానికొకటి అంటుకోలేవు. వేయించినప్పుడు కొవ్వంతా కారిపోయి మాంసం రవ్వలా మిగులుతుంది. మాంసాన్ని, గిన్నెను ముందుగా ఫ్రిజ్‌లో ఉంచి, కలిపేటప్పుడు 400 గ్రాములకు రెండు మూడు చెంచాల ఐసు నీళ్లు పోస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. ఆ నీటికి ఉప్పు కరగడానికీ ఉపయోగం.

ముద్ద తయారైందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. కొంచెం ఖీమాను అరచేతికి అద్ది, చేతిని బోర్లించాలి. అది కింద పడకుండా అతుక్కుని ఉంటే గుడ్డును కూడా వదలదు. అక్కడితో పిసకడం ఆపాలి. ఇంకా పిసికితే వల మరీ గట్టిపడి, తినేటప్పుడు రబ్బరులా అనిపిస్తుంది.

దుకాణంలో కొన్న సాసేజ్ వాడితే?

బ్రిటన్‌లో తొడుగు లేకుండా విడిగా 'సాసేజ్ మాంసం' అమ్ముతారు. చాలామంది సాసేజ్‌లు కొని, పైతొడుగు చీల్చి లోపలి మాంసాన్ని వాడతారు. అక్కడి నిబంధనల ప్రకారం 'పోర్క్ సాసేజ్' అని అమ్మేదానిలో కనీసం 42 శాతం పంది మాంసం ఉండాలి. ఉత్త 'సాసేజ్' అని రాస్తే 32 శాతం మాంసం ఉన్నా చాలు. మాంసంగా లెక్కవేసే దానిలో కొవ్వు, కొలాజెన్ పొరలు ఎంతవరకు ఉండవచ్చో కూడా పరిమితులున్నాయి. పంది మాంసానికి కొవ్వు పరిమితి 30 శాతం.

మిగతాది ఏమిటి? ముఖ్యంగా నీరు, రస్కు పొడి. రస్కు తన బరువుకు మించి నీటిని పీల్చుకుంటుంది. వేడికి దానిలోని పిండి పదార్థం ఉబ్బి ఆ తేమను పట్టి ఉంచుతుంది. కొద్దిగా ఉంటే మేలే: మాంసం తక్కువ కుంచించుకుపోతుంది, పగుళ్లు తగ్గుతాయి. మరీ ఎక్కువైతే మయోసిన్ పలచబడి, పొర ముద్దముద్దగా, ఉండ్రాయిలా తయారవుతుంది. అందుకే ప్యాకెట్ మీద మాంసం శాతం చూసి, 80కి దగ్గరగా ఉన్నది ఎంచుకోవడం మంచిది. 2011లో భౌగోళిక గుర్తింపు పొందిన 'ట్రెడిషనల్ కంబర్లండ్ సాసేజ్'లో కనీసం 80 శాతం మాంసం ఉండాలన్నది షరతు. దీనిలో మాంసం కాస్త బరకగా, మిరియాల ఘాటుతో ఉంటుంది. లింకన్‌షైర్ సాసేజ్‌లో సేజ్ ఆకు రుచి ముందుంటుంది. రెండూ స్కాచ్ ఎగ్‌కు పేరున్నవే.

ఇలా కొన్న మాంసంలో ఉప్పు ముందే ఉంటుంది. మళ్లీ వేయకూడదు. భారతదేశంలోని సూపర్ మార్కెట్లలో దొరికే చికెన్ సాసేజ్‌లలో చాలావరకు ముందే ఉడికించి ప్యాక్ చేసినవి. ప్యాకెట్ మీద ఆ సంగతి ఉంటే వాటిని స్కాచ్ ఎగ్‌కు వాడినా ప్రయోజనం లేదు. అంటుకునే గుణం అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది.

మటన్, చికెన్‌తో చేయాలంటే

పంది మాంసం తినని ఇళ్లలో మటన్ లేదా చికెన్ ఖీమా వాడుకోవచ్చు. అయితే దేని లోటు దానికి పూడ్చాలి.

మేక తన కొవ్వును కండరాల మధ్య కంటే పొట్ట లోపలి అవయవాల చుట్టూ ఎక్కువగా దాచుకుంటుంది. అందుకే మేక మాంసపు ఖీమా పొడిగా ఉంటుంది. కొట్టించేటప్పుడే కొంత కొవ్వు వేయించుకోవాలి. గొర్రె భుజం మాంసమైతే కొంత నయం. ఈ ఖీమాతో చేసినవి వేడిగా తినడమే బాగుంటుంది.

చికెన్‌లో మయోసిన్ పట్టుకు కొదవ లేదు. లోపం కొవ్వులోనే. చర్మం తీసిన రొమ్ము మాంసంలో కొవ్వు చాలా స్వల్పం కాబట్టి అది ఎండిపోయి పీచులా అవుతుంది. ఎముక తీసిన తొడ మాంసాన్ని చర్మంతో సహా కొట్టిస్తే మేలు. కోడి కొవ్వు పంది కొవ్వు కంటే మెత్తనిది. కాబట్టి కలిపేటప్పుడు ఇంకా చల్లగా ఉంచాలి.

హైదరాబాద్, లక్నోలలో పేరుపొందిన నర్గిసీ కోఫ్తా ఇదే సమస్యను ఇంకో దారిలో పరిష్కరించింది. కోసిన గుడ్డు నర్గిస్ పువ్వులా కనిపిస్తుందని దానికి ఆ పేరు. కొందరు పచ్చి ఖీమాను మెత్తగా రుబ్బి, పుట్నాల పొడి కలుపుతారు. ఇంకొందరు ఖీమాను శనగపప్పుతో కలిపి ముందే ఉడికించి, నీరు ఇగిరాక రుబ్బి, పచ్చి గుడ్డు కలుపుతారు. రెండో పద్ధతిలో మయోసిన్ జిగురు ఉడకడంలోనే పోతుంది. ఆ లోటును పప్పులోని పిండి పదార్థం, గుడ్డులోని ప్రొటీన్లు తీరుస్తాయి. పైగా మాంసం ముందే ఉడికి, ముడుచుకోవడం అయిపోయి ఉంటుంది కాబట్టి నూనెలో పగిలే బెడద తగ్గుతుంది. లోపల పచ్చిగా మిగులుతుందన్న భయమూ ఉండదు.

కబాబుల అలవాటుతో ఈ ఖీమాలో పచ్చి బొప్పాయి ముద్ద వేసేటప్పుడు మాత్రం ఆలోచించాలి. బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైమ్ ప్రొటీన్లను ముక్కలు చేస్తుంది. మాంసం మెత్తబడేది అందుకే. కానీ ముక్కలయ్యే ప్రొటీన్లలో జిగురు ఇచ్చే మయోసిన్ కూడా ఉంటుంది. నోట్లో కరిగిపోయే గలౌటీ కబాబ్‌కు అది వరం. గుడ్డును పట్టుకుని నిలవాల్సిన పొరకు అదే చేటు.

మాంసం తినని వారి కోసం బ్రిటన్‌లో సోయా వంటి వాటితో చేసిన శాకాహార సాసేజ్‌లు ఉన్నాయి. వాటిలో చాలావాటికి పట్టు ఇచ్చేది మిథైల్ సెల్యులోజ్. జెలటిన్ చల్లబడితే గడ్డకడుతుంది, వేడికి కరుగుతుంది. మిథైల్ సెల్యులోజ్ దీనికి తలకిందులు: వేడికి గడ్డకట్టి, చల్లారితే మళ్లీ వదులవుతుంది. కాబట్టి వాటితో చేసినవి వేడిగా ఉన్నప్పుడే గట్టిగా నిలుస్తాయి.

మందం పెరిగితే ముప్పు ఎలా పెరుగుతుంది?

మాంసం ముక్క మీద సూక్ష్మజీవులు సాధారణంగా పైభాగంలోనే ఉంటాయి. ముక్కను పెనం మీద కాల్చితే పైనున్నవి చస్తాయి. ఖీమా కొట్టినప్పుడు ఆ పైభాగం ముక్కముక్కలై లోపలికంతా కలిసిపోతుంది. సాల్మొనెల్లా, ఈ. కోలి వంటివి ఉంటే అవి పొర లోతుల్లోకీ చేరతాయి. పంది మాంసం సరిగా ఉడక్కపోతే బద్దెపురుగు సోకే ప్రమాదం అదనం. అందువల్ల ఖీమాతో చేసే ఏ వంటకమైనా లోపలి దాకా ఉడకాల్సిందే.

బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ సూచన ప్రకారం ఆహారం నడిమధ్య వేడి 70 డిగ్రీలకు చేరి, కనీసం 2 నిమిషాలు అలాగే ఉండాలి. కోడి మాంసపు ఖీమాకు 74 డిగ్రీలు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. రంగును నమ్మకూడదు. మాంసం ఒక్కోసారి తగిన వేడికి చేరకముందే గోధుమ రంగుకు మారుతుంది. మసాలా, కారం కలిపిన ఖీమాలో రంగును బట్టి పోల్చుకోవడం ఇంకా కష్టం.

ఇక్కడే స్కాచ్ ఎగ్ అసలు పరీక్ష పెడుతుంది. మాంసం 70 డిగ్రీలు దాటాలి. పచ్చసొన మాత్రం సుమారు 65 డిగ్రీల దగ్గరే చిక్కబడటం మొదలుపెట్టి, 70కి గట్టిపడుతుంది. పచ్చసొన జారుగా ఉండాలని కోరుకునేవారు గుడ్డును ఆరు నిమిషాలు మాత్రమే ఉడికించి, వెంటనే ఐసు నీటిలో వేస్తారు. అలా చల్లబడిన గుడ్డు మూకుడులో తనను ఆనుకుని ఉన్న మాంసం నుంచి వేడిని లాగేసుకుంటుంది. ఫలితంగా గుడ్డును తాకే మాంసపు పొర అన్నిటికంటే ఆలస్యంగా ఉడుకుతుంది.

దీనికి మందు మందం తగ్గించడమే. ఒక పొర గుండా వేడి చేరడానికి పట్టే సమయం ఆ పొర మందానికి వర్గంగా పెరుగుతుంది. మందం రెట్టింపయితే సమయం నాలుగు రెట్లు. 1 సెంటీమీటరు పొరను ఒకటిన్నర సెంటీమీటర్లు చేస్తే సమయం రెండుంబావు రెట్లు అవుతుంది. ఆలోగా బ్రెడ్ పొడి మాడిపోతుంది.

మందాన్ని కొలవడం కష్టమే కానీ మాంసాన్ని తూచడం తేలిక. పెంకు తీసిన గుడ్డు సుమారు 50 గ్రాములు ఉంటుందనుకుని, దాన్ని గోళంగా భావించి లెక్కవేస్తే, 8 మిల్లీమీటర్ల పొరకు దాదాపు 75 గ్రాముల మాంసం కావాలి. 1 సెంటీమీటరు పొరకు దాదాపు 100 గ్రాములు. ఒకటిన్నర సెంటీమీటర్లకు 180 గ్రాములు దాటుతుంది. కాబట్టి గుడ్డుకు 75 నుంచి 100 గ్రాముల చొప్పున ముందే తూచి పెట్టుకుంటే పొర సరిపడా మందంగా వస్తుంది. ముద్దను రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య సమానంగా ఒత్తి, దాని మీద గుడ్డు పెట్టి చుట్టాలి. గుడ్డును ముందుగా తడి తుడిచి, మైదా అద్దితే అది మిగిలిన తేమను పీల్చుకుని, మాంసానికీ తెల్లసొనకూ మధ్య లేయిలా పనిచేస్తుంది. చుట్టేటప్పుడు లోపల గాలి మిగలకూడదు. మిగిలితే వేడికి అది వ్యాకోచించి పొరను చీలుస్తుంది.

నూనె వేడి 160 నుంచి 170 డిగ్రీల మధ్య ఉంటే పైపొర మాడకముందే లోపల ఉడకడానికి వీలుంటుంది. 190కి పోతే రంగు తొందరగా వచ్చి మోసం చేస్తుంది. కొందరు నూనెలో రంగు వచ్చేదాకా వేయించి, మిగతా పని ఓవెన్‌కు వదిలేస్తారు. వంట థర్మామీటర్ ఉంటే దాని మొనను పక్క నుంచి మాంసపు పొరలోకి, గుడ్డుకు దగ్గరగా దింపి చూడాలి. గుడ్డు మధ్యలోకి గుచ్చితే తెలిసేది గుడ్డు వేడే కానీ మాంసం వేడి కాదు.

పచ్చసొన జారుగా ఉండటం ఎంతవరకు క్షేమం? 1988లో బ్రిటన్‌లో గుడ్లలో సాల్మొనెల్లా పెద్ద వివాదమైంది. ఆ తర్వాత కోళ్లకు టీకాలు వేయడం, 'బ్రిటిష్ లయన్' ముద్ర వంటి చర్యలతో పరిస్థితి మెరుగుపడింది. 2017లో అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ ఆ ముద్ర ఉన్న గుడ్లను గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు కూడా పూర్తిగా ఉడకకుండానే తినవచ్చని ప్రకటించింది. ఆ సలహా ఆ ముద్ర ఉన్న గుడ్లకే వర్తిస్తుంది. అలాంటి భరోసా లేని గుడ్లతో చేసేటప్పుడు పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించడమే మంచిది. దానివల్ల మరో సౌలభ్యం కూడా ఉంది: పచ్చసొన గురించి బెంగ లేకుండా మాంసాన్ని కావలసినంత సేపు వేయించుకోవచ్చు.

చల్లగా తినాలనుకుంటే వేయించాక రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఎండాకాలంలో అయితే గంటలోపే. 100 గ్రాముల మాంసం పొరలో ఒకటిన్నర గ్రాముల ఉప్పు, 20 గ్రాములకు పైగా కొవ్వు ఉంటాయి. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న సంగతి గుర్తుంచుకుంటే, ఇది రోజూ తినే వంటకం కాదని అర్థమవుతుంది.

గుడ్లకు చుట్టే ముందు చేయాల్సిన చివరి పని ఒకటుంది. కలిపిన ఖీమాలోంచి నిమ్మకాయంత తీసి, బిళ్లగా ఒత్తి, పెనం మీద పూర్తిగా కాల్చి చూడాలి. పచ్చి ఖీమాను రుచి చూడకూడదు కాబట్టి ఉప్పు, కారం సరిపోయాయో తెలుసుకోవడానికి ఇదే దారి. బిళ్ల విరిచితే రవ్వలా రాలిందంటే ఉప్పు గానీ పిసకడం గానీ చాలలేదు. బాగా ముడుచుకుని గట్టిపడితే కొవ్వు తక్కువ, లేదా నరాలు ఎక్కువ. పెనం నిండా కొవ్వు కారితే మాంసం కలిపేటప్పుడు వేడెక్కింది, లేదా కొవ్వే ఎక్కువైంది. అంచులు చీలకుండా, రసం పోకుండా గుండ్రంగా నిలిచిందంటే ఆ మాంసం గుడ్డుకు చుట్టడానికి సిద్ధంగా ఉన్నట్టే.